సేవ ముగించిన జాగిలమునకు మన ఇంట చోటున్నదా?

పన్నెండేళ్లు దుక్కి దున్నిన ఎద్దు ఒకనాడు కాడి క్రింద మోకాళ్ల మీద కూలబడుతుంది. ఆ సాయంత్రము రైతు ఇంటిలో ఒక మాట వస్తుంది. దానిని సంతకు తోలవలెనా, లేక ఉన్నన్నాళ్లు కొట్టములోనే కట్టి గడ్డి వేయవలెనా? మన పల్లెలలో ఈ ప్రశ్న ఎదురుకాని కుటుంబములు తక్కువ. కొందరు కన్నీళ్లు తుడుచుకొని తోలివేస్తారు. కొందరు ఉంచుకొంటారు. అప్పులలో ఉన్న రైతును తప్పుపట్టడానికి మేము ఈ మాట ఎత్తలేదు. మన కోసము కష్టపడిన జీవము ఇక కష్టపడలేని నాడు మన బాధ్యత ఎంతవరకు అన్న ప్రశ్న పెద్ద పెద్ద ప్రభుత్వములకు కూడా వచ్చినదని చెప్పడానికే ఎత్తాము.

పోలీసు శాఖలోను సైన్యములోను పనిచేసే జాగిలముల సంగతి మేము చెప్పబోతున్నాము. మంత్రిగారి సభకు ముందు వేదిక క్రింద వాసన చూస్తూ తిరిగే కుక్కను మీరు చూసియుంటారు. దొంగతనము జరిగిన ఇంటికి డాగ్ స్క్వాడ్ వచ్చినప్పుడు ఊరంతా వెంట నడిచియుంటుంది. ఆ కుక్క ముసలిదైన తరువాత ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్న మనలో ఎంతమందికి తోచినది?

అవి చేసే పని

కుక్క ముక్కులో వాసన పట్టే కణములు 20 కోట్లకు పైగా ఉంటాయి. మనిషికి ఉన్నవి 50, 60 లక్షలు మాత్రమే. ఈ వరమును మనిషి పనికి పెట్టుకొన్నాడు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలినోయ్ అనే జాతులను ఎక్కువగా ఎన్నుకొంటారు. మన పొరుగున ఉన్న కర్ణాటకలోని ముధోల్ జాతి వేటకుక్కలను కూడా సైన్యము తీసికొని శిక్షణ ఇచ్చినది. సైనిక జాగిలములకు ఉత్తర ప్రదేశ్‌లోని మీరట్‌లో రిమౌంట్ వెటర్నరీ కోర్ వారి కేంద్రమున్నది. తెలుగునాట హైదరాబాదు దగ్గర మొయినాబాదులోని పోలీసు అకాడమీలో జాగిలములకు శిక్షణ ఇస్తున్నారు.

1993 మార్చి 12న బొంబాయిలో వరుసగా బాంబులు ప్రేలినప్పుడు జంజీర్ అనే లాబ్రడార్ చేసిన పని నేటికీ చెప్పుకొంటారు. అది 3,329 కిలోల ఆర్.డి.ఎక్స్. మందును, 600 డిటొనేటర్లను, 249 చేతి బాంబులను పసిగట్టినదని లెక్క. అది ప్రేలియుంటే ఎన్ని ఇళ్లలో ఏడ్పు వినబడేదో ఊహించుకోవచ్చును. 2000 నవంబరులో ఆ కుక్క ఎముకల క్యాన్సరుతో చనిపోయినప్పుడు పోలీసులు గౌరవ వందనముతో దానిని సాగనంపారు.

అన్నిటికీ ముసలితనము దాకా బ్రతికే అవకాశము రాదు. 2022 అక్టోబరులో కశ్మీరులోని అనంతనాగ్ జిల్లాలో తీవ్రవాదులున్న ఇంటిలోనికి జూమ్ అనే సైనిక జాగిలమును పంపారు. దానికి రెండు తుపాకి గుండ్లు తగిలాయి. మూడు రోజుల తరువాత అది ప్రాణము విడిచినది.

ఇంత పని చేసే కుక్కకు దొరికే జీతమేమిటి? ఒక బంతి. వాసన పట్టగానే హ్యాండ్లరు, అనగా దానిని నడిపించే ఉద్యోగి, ఆ బంతి విసిరి కాసేపు ఆడిస్తాడు. ఆ బంతి కోసము, ఆ మనిషి మెప్పు కోసము అది ఎండలోను మంచులోను తిరుగుతుంది. సాధారణముగా 8 నుండి 10 ఏళ్ల వయస్సు వచ్చేసరికి కీళ్లు సడలి, చూపు తగ్గి, పనినుండి విరమిస్తుంది. కుక్కకు ఆ వయస్సు మనిషికి 60 ఏళ్లు దాటినట్లే. అటు తరువాత మరి రెండు మూడు సంవత్సరములో, నాలుగు సంవత్సరములో బ్రతుకుతుంది.

సామానుగా లెక్కించిన కాలము

రెండవ ప్రపంచ యుద్ధములో, 1942లో, అమెరికాలోని కుటుంబములు తమ పెంపుడు కుక్కలను సైన్యమునకు అప్పగించాయి. యుద్ధము ముగిసిన తరువాత సైన్యము వాటిని ఉన్నపళముగా ఇళ్లకు పంపలేదు. మనుష్యుల మధ్య మరల మెత్తగా మెలగడము నేర్పి, పరీక్షించి, సుమారు 3,000 కుక్కలను పంపినది. వాటిలో చిప్స్ అనేది ఒకటి. అది 1943లో సిసిలీ తీరమున శత్రువుల మరతుపాకి స్థావరము మీదికి దూకిన కుక్క. 1945 డిసెంబరులో అది న్యూయార్క్ రాష్ట్రములోని తన యజమానుల ఇంటికి చేరినది. అనగా యుద్ధము చూసిన కుక్క కూడా ఇంటి కుక్క కాగలదని ఆనాడే తెలిసినది.

తెలిసిన సంగతిని తరువాతి తరము మరచినది. వియత్నాం యుద్ధములో అమెరికా సైన్యముతో సుమారు 4,000 కుక్కలు పనిచేశాయి. తిరిగి వచ్చినవి సుమారు 200 మాత్రమే. తక్కినవి లెక్క పుస్తకములో సామాను. సైన్యము వెనుదిరిగినప్పుడు కొన్నిటిని అక్కడి సైన్యమునకు ఇచ్చివేశారు, కొన్నిటిని మందు ఇచ్చి చంపారు. తమ ప్రాణములు కాపాడిన కుక్కను విడిచి విమానమెక్కిన సైనికులు ఆ బాధను జీవితాంతము మోశారు.

ఆ తరువాత కూడా ఆ దేశములో పనికిరాని సైనిక జాగిలములను ఇళ్లకు ఇచ్చేవారు కారు. రాబీ అనే బెల్జియన్ మాలినోయ్ కీళ్ల నొప్పులతో పనికి దూరమైనప్పుడు దాని హ్యాండ్లరు, “నాకివ్వండి, నేను సాకుతాను” అని అడిగాడు. నియమము ఒప్పుకోలేదు. అతని విన్నపము అమెరికా కాంగ్రెసు వరకు వెళ్లి చట్టమైనది. 2000 నవంబరులో అధ్యక్షుడు క్లింటన్ దానిమీద సంతకము చేశాడు. పోలీసు శాఖలకు, పాత హ్యాండ్లర్లకు, దయగా సాకగల ఇతరులకు ఆ కుక్కలను ఇవ్వవచ్చునని ఆ చట్టము చెప్పినది. దానిని రాబీ చట్టమని పిలుస్తారు. కాని రాబీ ఆ ఇంటి గడప త్రొక్కలేదు. దాని ఆరోగ్యము మరీ చెడినదని చెప్పి 2001 జనవరిలో దానిని చంపివేశారు. తరువాత వచ్చిన వేలకొలది కుక్కలు దాని పేరున ఇళ్లకు చేరాయి.

మన దేశములో వచ్చిన మార్పు

ఇతరుల సంగతి చెప్పి మన సంగతి దాచడము న్యాయము కాదు. మన సైన్యములో కూడా సేవకు పనికిరాని జాగిలములకు మరణమే గతిగా ఉండేది. 2015లో సమాచార హక్కు చట్టము క్రింద ఒకరు అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబుతో ఈ సంగతి అందరికీ తెలిసినది. జనము బాధపడ్డారు. విషయము ఢిల్లీ హైకోర్టుకు వెళ్లినది. వాటిని బ్రతకనిచ్చే విధానము తయారు చేస్తామని ప్రభుత్వము చెప్పినది. అటు తరువాత మీరట్‌లో ముసలి జాగిలములను ఉంచి సాకడము, ఇష్టమున్నవారికి ఇవ్వడము మొదలైనవి. 2024 డిసెంబరులో రిమౌంట్ వెటర్నరీ కోర్ వారి స్థాపన దినమున 12 జాగిలములను ప్రత్యేక అవసరములున్న పిల్లలు చదివే ఆశా పాఠశాలలకు, కుక్కలను ప్రేమించే పౌరులకు అప్పగించారు.

ఇతర దళములు కూడా కదిలాయి. 2019 నవంబరులో ఢిల్లీ మెట్రో రైలు స్టేషన్లలో కాపలా కాసిన ఏడు జాగిలములకు సి.ఐ.ఎస్.ఎఫ్. వారు పతకములు వేసి వీడ్కోలు సభ జరిపి, ఒక స్వచ్ఛంద సంస్థకు ఒప్పగించారు. కేరళ పోలీసులు త్రిస్సూరులోని తమ అకాడమీలో ముసలి జాగిలముల కోసము విశ్రాంతి గృహము కట్టారు.

2008 నవంబరు 26న ముంబయి మీద దాడి జరిగినప్పుడు బాంబులు వెదకిన మ్యాక్స్, సుల్తాన్, టైగర్, సీజర్ అనే నాలుగు పోలీసు కుక్కలు విశ్రాంతి తీసికొన్న తరువాత విరార్‌లో ఒక జంతు ప్రేమికురాలి తోటలో ఉన్నాయి. కలిసి పనిచేసిన ఆ నాలుగూ అక్కడ కలిసి తిన్నాయి, కలిసి పడుకొన్నాయి. 2016లో ఒకదాని తరువాత ఒకటి కన్నుమూశాయి. ఆఖరున మిగిలిన సీజర్ తన జతగాళ్లు పోయిన తరువాత దిగులు పడినదని ఆనాటి పత్రికలు వ్రాశాయి. అది కూడా అక్టోబరులో చనిపోయినది. ఇవి సామానులా, జీవములా అన్న ప్రశ్నకు వేరే జవాబు అక్కరలేదు.

కాపలా కోసమైతే వద్దు

ఇంతవరకు చదివిన మీలో కొందరికి ఒక ఆలోచన వచ్చియుంటుంది. “మా మామిడితోటకు పోలీసు కుక్క అయితే బాగుంటుంది గదా! దొంగలు దరిచేరరు. పైగా శిక్షణ పొందినది.” ప్రియ చదువరులారా, ఈ ఉద్దేశముతోనైతే దయచేసి ఆ కుక్కను తెచ్చుకోవద్దు.

మొదటి సంగతి, అది తన కాపలా ముగించినది. రాత్రంతా మేలుకొని కంచె వెంబడి తిరిగే ఓపిక దానికి లేదు. తోటలో గొలుసు వేసి వదిలేస్తే, జీవితమంతా ఒక మనిషి ప్రక్కన నడిచిన ఆ ప్రాణి ఒంటరితనముతో కృశిస్తుంది. రెండవ సంగతి, మనిషిని పట్టుకోవడము నేర్చిన కుక్క మీద మనకు అదుపు లేకపోతే, పిందెలు ఏరుకోవడానికి వచ్చిన ప్రక్కింటి పిల్లవానికి ప్రమాదము.

మనము అటువంటి కుక్కను ఇంటికి తెచ్చుకొన్నప్పుడు దాని బలమును తెచ్చుకోవడము లేదు. దాని బలము ఇదివరకే ఖర్చైపోయినది, అది మన కోసమే ఖర్చైనది. మనము తెచ్చుకొనేది దాని ముసలితనమును. ఈ మాట మనస్సుకు పట్టినవారే ముందుకు రావలెను.

అడగవలసిన ప్రశ్నలు

ఇచ్చే అధికారులను ఈ సంగతులు విడమరచి అడగండి. సిగ్గుపడవద్దు.

మొదట, అది చేసిన పని ఏమిటి? బాంబులను, మత్తుమందులను వాసన చూసే కుక్కలు సాధారణముగా మనుష్యులతో కలుపుగోలుగా ఉంటాయి. మందు దొరికితే మీద పడకుండా అక్కడే కూర్చోవడము వాటికి నేర్పుతారు. నేరస్థులను పట్టుకోవడానికి తయారుచేసిన కుక్కలు వేరు. అటువంటివి అనుభవమున్నవారి చేతిలోనే ఉండవలెను.

రెండవది, చిన్నపిల్లల మధ్య దానిని ఎప్పుడైనా ఉంచి చూశారా? చాలా జాగిలములు కెన్నెల్‌లో పెరిగినవే. పసివాడు తోక లాగడము, అన్నము పళ్లెములో చెయ్యి పెట్టడము వాటికి తెలియదు. అయిదారేళ్ల లోపు పిల్లలున్న ఇంటివారు బాగుగా ఆలోచించుకోవలెను.

మూడవది, కోళ్లు, మేకలు, దూడలు, ఊరకుక్కలు ఎదురైతే అది ఏమి చేస్తుంది? పల్లె ఇంటికి ఇది చిన్న ప్రశ్న కాదు.

నాల్గవది, దాని వైద్యపు చీటీలు ఏవి? ఏ జబ్బులు వచ్చాయి, ఏ టీకాలు వేశారు, ఏ మందులు వాడుతున్నారు అన్నది కాగితము మీద తీసికొనండి.

అయిదవది, ఏ మాటలకు లోబడుతుంది? కూర్చోమనడానికి, ఆగమనడానికి, వదలమనడానికి హ్యాండ్లరు వాడిన మాటలనే మీరూ నేర్చుకోవలెను. ముసలితనములో దానికి క్రొత్త భాష నేర్పడము కంటె, మనము దాని నాలుగు మాటలు నేర్చుకోవడము తేలిక. వీలైతే ఆ హ్యాండ్లరుతో ఒక పూట గడపండి. ఆ కుక్కను అతనికంటె ఎరిగినవారు లేరు. అతడే దానిని తీసికొనగోరితే మాత్రము మనము ప్రక్కకు తప్పుకోవడము ధర్మము.

ఇవి కోరినంతనే దొరికేవి కావు. జిల్లా పోలీసు కార్యాలయము ద్వారా డాగ్ స్క్వాడ్ వారిని అడగవచ్చును. సైనిక జాగిలముల కొరకు మీరట్ కేంద్రమునకు వ్రాయవచ్చును. మన ఇల్లు, మన పరిస్థితి తెలిసికొన్న మీదటనే ఇస్తారు. అలా విచారించడము మంచిదే.

మొదటి నెలలు

ఇంటికి వచ్చిన మొదటి వారములో బంధువులను పిలిచి చూపించవద్దు. వరండాలోనో వసారాలోనో ఒక మూల గోనెసంచులు పరచి, అది దాని చోటని తెలియనివ్వండి. అన్నము, నడక, నిద్ర వేళ తప్పకుండా జరగనివ్వండి. ఎందుకంటే అది గడియారము ప్రకారము బ్రతికిన ప్రాణి. ఇంటిలో ఒకరే దాని బాధ్యత ఎక్కువగా తీసికొంటే త్వరగా కుదురుకొంటుంది. పిల్లలతో ఉన్నప్పుడు పెద్దవారొకరు దగ్గర ఉండవలెను. నిద్రపోతున్న కుక్కను, తింటున్న కుక్కను ముట్టుకోకూడదని పిల్లలకు మొదటి రోజే చెప్పండి.

కొన్ని జాగిలములకు శబ్దమంటే భయము ఉంటుంది. యుద్ధభూమినుండి వచ్చిన సైనికుల మనస్సు చెదరినట్లే కుక్కల మనస్సు కూడా చెదరవచ్చునని అమెరికాలోని సైనిక పశువైద్యులు గుర్తించారు. దీపావళి టపాసులు, పెండ్లి బాణసంచా, జాతర డప్పులు వినబడే వేళ దానిని లోపలి గదిలో ఉంచి, ఎవరైనా ప్రక్కన కూర్చొనండి. వణకుతున్నదని నవ్వవద్దు, కసరవద్దు.

దానికి ఆట కావలెను. పాత బంతిని బియ్యపు బస్తా వెనుక దాచి వెదకమనండి. కాళ్లు ఈడ్చే కుక్క కూడా ముక్కు నేలకు ఆనించి, తోక ఆడిస్తూ బయలుదేరుతుంది. దొరికినప్పుడు మెచ్చుకొనండి. అది ఎరిగిన జీతము అదే. ఈ ఆటకు పైసా ఖర్చు లేదు, ముసలి కీళ్లకు శ్రమా లేదు.

తిండి, వైద్యము

పని మానిన కుక్క త్వరగా ఒళ్లు చేస్తుంది. బరువు పెరిగితే నడుము, తుంటి కీళ్లు ఇంకా బాధపెడతాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతులకు తుంటి కీలు జబ్బు తరచు వస్తుంది. అందుచేత కొలత ప్రకారము పెట్టండి. అన్నములో ఉడికించిన గ్రుడ్డు, ఎముకలు తీసిన మాంసము, ఉప్పు కారము లేని కూరగాయలు కలుపవచ్చును. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్షపండ్లు, కిస్మిస్, చాక్లెట్ కుక్కలకు విషము. ఉడికించిన కోడి ఎముకలు విరిగి ప్రేగులలో గుచ్చుకొంటాయి. పండుగనాడు ప్రేమతో పెట్టిన బిర్యానీ ముక్కే ప్రాణము తీయవచ్చును.

మన వేసవి వాటికి కష్టము. నడక తెల్లవారుజామున, ప్రొద్దు గ్రుంకిన తరువాత ఉంచుకొనండి. నీడ, చల్లని నీళ్లు ఎప్పుడూ ఉండవలెను. పిడుదుల వలన వచ్చే జ్వరము మన ప్రాంతములో ఎక్కువ గనుక వారానికొకసారి చెవులు, వ్రేళ్ల సందులు చూడండి. రేబీస్ టీకా ఏటేటా వేయించండి. అది దాని కోసమే గాక మన పిల్లల కోసము కూడా. మండలములోని పశువైద్యశాలకు వెళ్లి డాక్టరుగారిని ముందే పరిచయము చేసికొనండి. ముసలి కుక్కకు మందుల ఖర్చు వయస్సుతోపాటు పెరుగుతుంది. ఆ ఖర్చు ఇంటి బడ్జెట్టులో పట్టదనుకొంటే తెచ్చుకోకపోవడములో తప్పులేదు. తెచ్చి విడిచిపెట్టడమే తప్పు.

చివరి దినములు

ఒక సంగతి దాచకుండా చెప్పవలెను. ఈ కుక్క మన ఇంటిలో ఎన్నో ఏళ్లు ఉండదు. పిల్లలు దానిని ప్రేమించడము నేర్చిన తరువాత అది చనిపోతుంది. “అంతమాత్రానికి ఎందుకు?” అని అడిగేవారు ఉంటారు. మన ఇంటిలోని తాతయ్యనో నాయనమ్మనో మనము ఆ మాట అడగము గదా. పశువును మనిషితో సమానము చేయడము మా ఉద్దేశము కాదు. కాని బలహీనమైన దానిని విసుగుకొనకుండా సాకడము పిల్లలు పుస్తకములో చదివి నేర్వరు. మూత్రము పోసిన గోనెసంచిని అమ్మ విసుగులేక ఉతకడము, లేవలేని కుక్కను నాన్న పొట్ట క్రింద తువ్వాలు పెట్టి లేపడము చూసి నేరుస్తారు. రేపు మన మంచము దగ్గర నిలువబోయేది ఆ పిల్లలే.

నొప్పి ఏ మందుకూ తగ్గని రోజు వస్తే, పశువైద్యుని సలహాతో, మన చేయి దాని తల మీద ఉండగా, బాధ లేకుండా నిద్రపుచ్చవలసి రావచ్చును. అది బాధ తీర్చడానికి చేసే పని. పనికిరాదని చంపడము వేరు. ఈ రెండింటికీ ఉన్న దూరము తెలిసికొనడానికి దేశములకు ఎన్నో ఏళ్లు పట్టినది.

అందరూ జాగిలములను తెచ్చుకోవాలని మేము ఈ వ్యాసము వ్రాయలేదు. వంద ఇళ్లలో ఒక్క ఇంటికైనా ఇది కుదిరితే సంతోషము. తక్కిన తొంభై తొమ్మిది ఇళ్లలో కూడా కొట్టములో ముసలి ఎద్దో, గుమ్మము దగ్గర పళ్లూడిన కుక్కో ఉండే ఉంటుంది. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత దాని సంగతి ఇంటిల్లిపాది కూర్చొని మాట్లాడుకొనండి. ముందుగా పిల్లలను చెప్పనివ్వండి.